బసవపున్నారావు కారు వణుకు

బసవపున్నారావు లెక్కలో తను తప్ప లోకంలో అందరూ దద్దమ్మలే. నూజివీడులో మామిడి వ్యాపారులంతా వెర్రివాళ్ళు, తోటల వాళ్ళు అమాయకులు, పెళ్ళాం అన్నపూర్ణకి నోరే గానీ బుర్ర లేదు. ఇక మెకానిక్కులంటారా, పట్టపగలు దోచుకునే రకం.

అంతటి మేధావి కారుకి జబ్బు చేసింది. పొద్దున్నే తాళం తిప్పితే చాలు, ఇంజను చలిజ్వరం వచ్చినట్టు గజగజ వణికిపోతోంది.

మెకానిక్ మార్టిన్ షెడ్డు గుమ్మంలో నిలబడి విన్నాడు. "ప్లగ్గులు పాడై ఉండొచ్చండీ. పెట్రోల్లో నీళ్ళు కలిసినా, ఇంజను కింద రబ్బర్లు అరిగినా ఇలాగే ఊగుద్ది. ఎలుకలు వైర్లు కొరికాయేమో కూడా. లోపలికొచ్చి బానెట్ తీసి చూస్తానండీ."

"ఆహా! ఇన్ని రోగాలు చెప్పి అన్నిటికీ వైద్యం చేద్దామనా? నీ తెలివి నా దగ్గరా? పోవయ్యా పో!"

అసలు భయం వేరు. షెడ్డులో కారు పక్కనే గడ్డి కింద మామిడిపళ్ళు మాగేశాడు. అవి దేవుడి పళ్ళు!

ముసునూరులో జోజమ్మగారి తోటని కౌలుకి చేస్తున్నది ఇతనే. ఆ తోటలో ఒక చెట్టు చర్చిది. ఈస్టరు ముందు ఉపవాసాల తపసుకాలమంతా జోజమ్మ కూర్చుని చిన్న చిన్న గుడ్డసంచులు కుట్టి, ఒక్కోదాని మీద ఎర్రదారంతో సిలువ వేసి, ఆ చెట్టు కాయలకి తొడిగిస్తుంది. కౌలుదారు వాటిని కోసి సంచులతోనే చర్చికి అప్పజెప్పాలి. ఈసారి బసవపున్నారావు కండువాతో కళ్ళొత్తుకుని, "గాలివానకి ఒక్కటీ మిగల్లేదమ్మా, సంచులు కూడా కొట్టుకుపోయాయి" అన్నాడు. అంత మంచి పళ్ళు దేవుడికెందుకు, పెద్దమనుషులకి కానుకగా పంపితే పనులవుతాయి కదా అని వీడి ఆలోచన. సిగ్గులేని జన్మ!

"గడ్డికి ఎలుకలు చేరుతున్నాయండీ" అని అన్నపూర్ణ మొత్తుకుంది.

"నా షెడ్డులోకి రావాలంటే ఎలుకలకైనా దమ్ముండాలే!" అన్నాడు.

కౌలు గడువు అయిపోయింది. మళ్ళీ రాయించుకోవాలి. ఆ తోట చేజారితే బసవపున్నారావు కొట్టుకి సరుకే లేదు, తాళం వేసుకోవడమే. అందుకే ఇస్త్రీ చొక్కా వేసుకుని, వణికే కారులోనే ముసునూరు వెళ్ళాడు. తియ్యటి మాటలు చెప్పాడు. జోజమ్మ మెత్తబడింది.

"సరే, పదండి. నూజివీడు వెళ్ళి సంతకం పెట్టేస్తాను" అని కోడలు తబితని తోడు తీసుకుని కారెక్కింది.

తాళం తిప్పాడు. కారు ఎప్పుడూ లేనంతగా ఊగిపోయింది. తలుపులు దడదడలాడాయి.

"అయ్యబాబోయ్! దింపండి, దింపండి!" అంటూ జోజమ్మ దిగిపోయింది.

"పెట్రోలు పోసినవాడు దొంగెధవండీ, నీళ్ళు కలిపుంటాడు! నా ఇంజను అద్దంలా ఉంటుంది, కావాలంటే మీరే చూడండి" అంటూ బసవపున్నారావు తన చేత్తోనే బానెట్ ఎత్తాడు.

గుప్పున మాగిన మామిడి వాసన. ఒక ఎలుక అతని చెప్పు మీద నుంచి దూకి తోటలోకి పారిపోయింది. ఇంజను మీద గడ్డి గూడు, చీకేసిన టెంకలు, కొరికేసిన వైర్లు. గూట్లో పిల్లల కోసం మెత్తగా పరుచుకున్న గుడ్డపీలికలు.

జోజమ్మ ఒక పీలిక తీసింది. సగం కొరికిన ఎర్రదారం సిలువ. తన కుట్టు తనకి తెలియదా?

"గాలివానకి కొట్టుకుపోయాయన్నారే?"

బసవపున్నారావు గబుక్కున బానెట్ మూసేయబోయాడు.

"తబితా, ఆటో పిలువమ్మా, ఇంటికి పంపేద్దాం ఈయన్ని. ఇక తోట సంగతి మర్చిపోండి." జోజమ్మ పీలికని కొంగున ముడేసుకుంది. "దేవుడి పళ్ళు పొట్టలో పెట్టుకున్నందుకు ఈ ఇనప బండి కూడా వణికింది. మీకు వణుకు రాలేదేంటండీ?"