కూర్చుని చెప్పాల్సిన మాట

"మీ కోడలు డాక్టర్లకే పాఠాలు చెబుతుందటగా, మరి తనెందుకు డాక్టరు కాలేదో?" అని ఎదురింటావిడ మూతి మూడు వంకర్లు తిప్పిందట. ఆ మాటను చల్లారనివ్వకుండా మోసుకొచ్చి, ఆస్పత్రి నుంచి వచ్చి ఇంకా చెప్పులైనా విడవని కోడలి ముందు కుమ్మరించింది అత్తగారు. టీవీ ముందు కూర్చున్న మొగుడు పొట్ట పట్టుకుని నవ్వాడు.

"సూది గుచ్చడం నేర్పుతుందిలేమ్మా! అదీ పాఠమే."

కోడలు అతని ఎంగిలి కంచం తీసుకుని వంటింట్లోకి నడిచింది. పాతికేళ్లుగా ఒకే వార్డుకు హెడ్ నర్సు. ఏటా కొత్త డాక్టర్లు మడత నలగని కోట్లేసుకుని దిగుతారు. పుస్తకాలన్నీ నోటికొచ్చు, వాచిన చేతిలో నరం దొరకబుచ్చుకోవడమే రాదు. మొదటి నెల తిరక్కుండా ఎవరో ఒకరు దుప్పట్ల గదిలో దూరి ఏడుస్తారు. ఈ ఏడు ఒక ఆడపిల్ల. తన చేతుల్లో పోయిన మొదటి ప్రాణం. బయట ఉన్న ఆ కుర్రాడి తల్లికి చెప్పాలి, గది దాటి రాదు.

"రెండు నిమిషాలు ఏడువు డాక్టరమ్మా, తప్పు లేదు. మొహం కడుక్కుని నాతో రా. గుమ్మంలో నిలబడి చెప్పకు, పక్కన కూర్చో. చనిపోయాడనే చెప్పు. డొంకతిరుగుడుగా చెబితే ఇంకా ఆశ పెట్టుకుంటారు."

ఆ పిల్ల అలాగే చెప్పింది. ఆ తల్లి ఆ పిల్ల భుజం మీదే ఏడ్చింది.

కొత్త డాక్టర్లకు పని అలవాటు చేయడానికి తరగతులు పెడతారని తెలిసినప్పుడు, ఆమె తన కొలువులో మొదటిసారి నోరు తెరిచి అడిగింది. "ఒక్క తరగతి నేను చెబుతాను సార్."

పెద్ద డాక్టరు వింత చూసినట్టు చూశాడు. "నర్సు చెబితే డాక్టర్లు వింటారా అమ్మా? తెలిసిన నాలుగు ముక్కలూ రాసివ్వు. నేను తీరుగా చెబుతాను."

"పెద్దాయన అంతటివాడు అడిగాడు, రాసిచ్చెయ్. ముందు నా చొక్కా ఇస్త్రీ చెయ్," అన్నాడు మొగుడు.

కూర ఉడికేలోగా, బట్టలు ఆరేలోగా రాసింది. ఆరు పేజీలు.

తరగతి రోజున పెద్ద డాక్టరు బల్ల వెనక నిలబడ్డాడు, ఆమెను మంచినీళ్ల సీసాలు పంచమన్నారు. "చావు కబురు కూర్చుని చెప్పాలి. ఇది నా అనుభవం," అని చదివాడాయన. ఆమెకు నవ్వొచ్చింది. ఏ రోజైనా తలుపు దగ్గర నిలబడి, వాచీ చూసుకుంటూ, "మా ప్రయత్నం మేం చేశాం" అని విసిరేసి పోయే మనిషి. కూలబడే వాళ్లను పట్టుకునేది ఆమె. ఆయన అరచేతులకు ఈ రోజుకీ ఒక కన్నీటి తడి అంటలేదు.

దుప్పట్ల గదిలో ఏడ్చిన పిల్ల చెయ్యెత్తింది. "సార్, చెప్పాక ఎంతసేపు కూర్చోవాలి?"

అది కాగితంలో లేదు. ఆయన పేజీలు అటూ ఇటూ తిప్పాడు. "అలాంటి చిన్న చిన్న విషయాలు సిస్టర్ చెబుతుంది."

అందరూ వెనక్కి తిరిగారు. ఆమె చేతిలోని సీసాలు కింద పెట్టింది.

"వాళ్లు నీ చెయ్యి వదిలేదాకా, డాక్టరమ్మా," అంది. తర్వాత బల్ల వైపు తిరిగింది. "మీ అనుభవమన్నారు కదా సార్. ఇన్నేళ్లలో మీరు ఎవరి పక్కన కూర్చున్నారు?"