ఆకుపచ్చ చుక్క

పొద్దుట్నుంచి హోటల్ మేనేజరమ్మ లిఫ్టు ఎక్కుతోంది, దిగుతోంది. ఎందుకో ఆమెకే తెలీదు. రెండ్రోజుల కిందట మూడొందల నాలుగో గదిలో దిగిన గ్రీన్ సర్టిఫికెట్ ఇన్‌స్పెక్టరు పదకొండింటికి రిపోర్టు రాసేస్తాడు. నీళ్లూ కరెంటూ పొదుపుగా వాడే హోటళ్లకిచ్చే ఆ సర్టిఫికెట్ లేకపోతే పెద్ద కంపెనీల గెస్టులు రారు. వాళ్లు రాకపోతే ఆ కుర్చీలో నువ్వుండవమ్మా అని ఓనరు ముందే చెప్పాడు, అదీ నవ్వుతూ.

"తగిలించిన టవల్ మేం ఉతకం, నీళ్లు ఆదా చేస్తాం" అని సర్టిఫికెట్ ఫారం నింపింది ఆమే. ప్రతి బాత్రూంలో ఆకు బొమ్మ కార్డు కూడా పెట్టించింది.

కాళ్లు ఊరుకోక లాండ్రీలోకి వెళ్తే, పాతికేళ్లుగా అక్కడే పనిచేస్తున్న లాండ్రీ అక్క వెలిగిపోతూ ఎదురొచ్చింది.

"మేడమ్, మూడొందల నాలుగు సారు టవల్ మూల ఆకుపచ్చ పెన్ను మరక! బ్లీచ్‌లో రెండుసార్లు ముంచా. చూడండి, మల్లెపువ్వే!"

మేనేజరమ్మకి వెలిగింది. అది మరక కాదు, గుర్తు. టవల్ మారుస్తారో లేదో చూడ్డానికి ఆయన పెట్టుకున్న చుక్క.

"తగిలించి ఉందా, కింద పడేసి ఉందా?"

"తగిలించే ఉంది. అయితే?"

"కార్డు చూళ్లేదా అక్కా?"

"కార్డు గెస్టులకి కదా! మీరు ఫ్లోర్ సూపర్‌వైజరుగా ఉన్నప్పుడు మాకేం చెప్పారు? గెస్టు ముట్టుకున్నదల్లా ఉతకాలి, ముడత కనిపిస్తే ఊరుకోనని నా ప్రాణం తీయలా? వద్దని మళ్లీ ఎప్పుడు చెప్పారు?"

చెప్పలేదు. కార్డులు ప్రింటు చేయించి, పనైపోయిందనుకుంది.

పది నలభై. చేతిలోకి ఆకుపచ్చ పెన్ను ఎప్పుడొచ్చిందో!

"చుక్క ఏ మూలక్కా?"

"ఎడమ... కాదు, కుడి. అయినా టవల్‌కి కుడెడమలేంటి మేడమ్, తిప్పితే మారిపోవూ?"

నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. పెన్ను అక్కడే పడేసి, టవల్ పట్టుకుని మూడొందల నాలుగుకి మెట్లమీదే పరిగెత్తింది, లిఫ్టు కోసం ఆగే ఓపిక లేదు.

"సార్, మీ చుక్క మావాళ్లు ఉతికేశారు. తప్పు వాళ్లది కాదు. ఉతకొద్దని నేను వాళ్లకి చెప్పనేలేదు. ఫారంలో ఉన్నది నిజం కాదు."

ఇన్‌స్పెక్టరు టవల్ నాలుగు మూలలూ చూసి కాగితం మీద గీత గీశాడు.

"ఈసారికి లేదు. మూడు నెలలు ఆగి వస్తా. ఈలోగానైనా వాళ్లకి చెప్పండి."

కిందికి దిగేసరికి ఓనరు ఫోను. మోగనిచ్చింది. ముందు లాండ్రీ తలుపు తోసింది.

"అక్కా, ఇకనుంచి తగిలించినవి ముట్టుకోకండి."

"మరి ముడతో?"

"ఉండనీ."

అక్క అనుమానంగా చూసింది. "రేపు మళ్లీ తిడతారేమో?"

"రేపు నేనిక్కడుంటే కదా" అనబోయి మింగేసింది. ఫోను మళ్లీ మోగింది.