పుస్తకాలకు పొలుసు తీసిన పుష్పకుమారి

పీతలకుప్పం బడిలో తొమ్మిదికి ప్రార్థన, తొమ్మిదింపావుకి హెడ్మాస్టరు గారి రాక, పదింటికి వంటపొయ్యి అంటుకోవడం. ఈ మూడింటిలో వేళ తప్పనిది పొయ్యి ఒక్కటే. అది పిల్లలకు మధ్యాహ్న భోజనం వండే పుష్పకుమారి పొయ్యి. గ్యాసు వచ్చి నాలుగేళ్లయినా బయట ఇంకో కట్టెల పొయ్యి ఉంచుకుంది. వంటకు కాదు, బూడిద కోసం.

పులికాట్ సరస్సు ఒడ్డున చేప శుభ్రం చేసేవాళ్లకు బూడిద లేకపోతే చెయ్యి ఆడదు. చేపకు బూడిద అద్ది, తోక వైపు నుంచి తలవైపుకు రుద్దితే పొలుసులు రాలతాయి. పుష్పకుమారి చేతికి ఇంకో గుణం కూడా ఉంది. రాతలో ఉన్న అబద్ధం మీద రుద్దితే అక్షరాలు అలాగే రాలిపోతాయి. ఊళ్లో దీన్ని ఎవరూ వింతగా చెప్పుకోరు. కొందరికి ఎడమచేతి వాటం ఉంటుంది, ఆమెకు ఇది ఉంది. కాకపోతే కాగితాలు ఉన్నవాళ్లు ఆమెకు కాస్త దూరంగా కూర్చుంటారు. ముత్యాలయ్య కొడుకు పెళ్లిపత్రిక ఆమె చేతికి ఇచ్చినప్పుడు వరుడి పేరు పక్కనున్న బి.టెక్ రాలి సాంబారులో పడింది. పెళ్లి ఆగలేదు. సాంబారు కూడా బాగానే ఉందన్నారు.

ఇంతమంది కాగితాలు తేల్చిన మనిషి తన కాగితం ఒక్కటి మూడు నెలలుగా కందిపప్పు డబ్బా అడుగున దాచిపెట్టింది. అది ఓపెన్ స్కూల్లో పదో తరగతి రాయడానికి దరఖాస్తు. పది పాసైతే ఊళ్లో ఖాళీగా ఉన్న అంగన్‌వాడీ టీచరు ఉద్యోగానికి అర్హత వస్తుంది. ఆమెకు ముప్పై మూడేళ్లు. ఎనిమిదితో చదువు ఆపేసింది. దరఖాస్తుకు శనివారం ఆఖరు. రోజూ డబ్బా తెరిచేది, కవరు తీసేది, లోపలికి ఒకసారి చూసి మళ్లీ పప్పు కింద పెట్టేసేది. పప్పు మాత్రం రోజురోజుకీ తగ్గుతోంది.

ఆ వారమే బడికి నలభై సైన్సు పుస్తకాలు వచ్చాయి. మండలంలోని బళ్లలో పిల్లల చేత చదివించడానికి వాటిలోంచి పది ఎంచాలి. ఆ బాధ్యత సైన్సు టీచరు కెజియాకు అప్పగించారు. ఆమె ప్రతిభను గుర్తించి కాదు, ఎవరికి అప్పగించాలో తేల్చిన మీటింగుకు ఆమె రాలేదు గనక.

కెజియాకు ఇరవై ఆరేళ్లు. సూళ్లూరుపేట నుంచి స్కూటీ మీద వస్తుంది. నలభై పుస్తకాలూ వరండాలో పరిచి, వంటగది వైపు చూసింది.

"పుష్పక్కా, బియ్యం ఏరడం అయిందా?"

"అయింది మేడమ్. ఏందీ, అంగడి పెట్టినారా?"

"పొలుసు తియ్యాలక్కా."

పుష్పకుమారి బూడిద గిన్నె తెచ్చుకుని కూర్చుంది. మొదటి పుస్తకంలో రాకెట్టు బొమ్మ. కింద, 'రాకెట్ గాలిని వెనక్కి తోసి పైకి ఎగురుతుంది' అని ఉంది. అరచెయ్యి ఆనించగానే వాక్యం మొత్తం ఒళ్లోకి రాలింది.

"గాలే లేని చోట కూడా పోతుంది కదక్కా. మండిన వాయువును కిందికి తోస్తే అది పైకి పోతుంది," అంది కెజియా, దులుపుతూ. "శ్రీహరికోటకు ఇంత దగ్గరుండి ఈ పుస్తకం ఎంచితే వాళ్లు మనల్ని వెలివేస్తారు."

గబ్బిలాలకు చూపు లేదన్న మాట రాలింది. 'సూర్యుడు రోజూ సరిగ్గా తూర్పునే ఉదయిస్తాడు' అన్న దాంట్లో 'రోజూ సరిగ్గా' ఒక్కటే రాలి, మిగతాది తలెత్తుకుని నిలబడింది. చాలా ఖరీదైన ఒక పుస్తకంలోంచి ఒక్క అక్షరమూ రాలలేదు. కెజియా దాన్ని ఏడో తరగతికి చదివి వినిపించింది. మూడో పేజీకి ముందు బెంచీ, ఐదో పేజీకి వెనక బెంచీ నిద్రపోయాయి.

"అంతా నిజమే మేడమ్. ఉప్పు లేని నిజం," అంది పుష్పకుమారి.

కెజియా ఫారంలో 'సమాచారం' గడిలో పదీ, 'పిల్లలకు నచ్చేలా ఉందా' గడిలో రెండూ వేసింది.

గురువారానికి ముప్పై తొమ్మిది పూర్తయ్యాయి. నలభయ్యోది 'గంగాధరం మాస్టారి పక్షుల లోకం'. రచయిత ఆ బడిలోనే ముప్పై ఏళ్లు సైన్సు చెప్పి రిటైరైన మనిషి. పుస్తకాన్ని ఎక్కడ పక్కన పడేస్తారోనని ఆ రోజు తానే వచ్చి, వరండాలో కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. ఇస్త్రీ చొక్కా, జేబులో కళ్లజోడు డబ్బా.

పుష్పకుమారి చేతులు వెనక్కి పెట్టుకుంది.

"ఇది మీరే చూడండి మేడమ్. నాకు పొయ్యి దగ్గర పనుంది."

"ఇంకా తొమ్మిదిన్నరే కదక్కా."

"ఏమ్మా, నా పుస్తకం చేపకంటే తీసిపోయిందా? కానివ్వు. నాకేం భయం?" అన్నారు గంగాధరం గారు.

భయం ఆయనకు కాదు. ఆ సంగతి ఆయనకు తెలియదు.

పుష్పకుమారి బూడిద అద్దుకుని పేజీలు తిప్పింది. కొంగలు నిలిచాయి. గూడబాతులు నిలిచాయి. సారు మీసం పైకి లేస్తోంది. ముప్పై ఒకటో పేజీలో ఫ్లెమింగో. 'దీని పిల్లలు పుట్టినప్పటి నుంచే గులాబీ రంగులో ఉంటాయి.'

ఆమె చెయ్యి ఆ పేజీ మీద ఆగింది. తర్వాత మెల్లగా పైకి రుద్దింది. వాక్యం చిన్న చిన్న పొలుసులుగా రాలింది. రెండక్షరాలు గాలికి లేచి సారు ఇస్త్రీ చొక్కా మీద వాలాయి.

"బూడిద ఎక్కువైందేమో. ఇంకోసారి రుద్దు," అన్నారాయన.

"రాలింది మళ్లా ఎక్కడ రాలతది సారూ?"

కెజియా ఆమె వైపు చూసింది. "నీకిది ముందే తెలుసా అక్కా?"

"తెలుసు మేడమ్. ఎనిమిదిలో రాసినాను."

ఆమె లేచి వంటగదిలోకి వెళ్లింది. పప్పు డబ్బా మూత చప్పుడైంది. కవరు తెచ్చి కెజియా చేతిలో పెట్టింది. లోపల దరఖాస్తు, దానికి ఆనుకుని పసుపుపచ్చగా మాగిపోయిన జవాబు కాగితం. మూడు నెలలుగా దరఖాస్తు తియ్యబోతే ముందు చేతికి తగిలేది ఆ కాగితమే. కెజియా పైకి చదివింది.

"'ఫ్లెమింగో పిల్లలు బూడిద రంగులో ఉంటాయి. మా నాయన పడవలో నుంచి చూసినాను. రొయ్యలూ పాచీ తినీ తినీ గులాబీ రంగుకు వస్తాయి.'"

పక్కన ఎర్ర సిరాతో పెద్ద సున్నా. కింద గంగాధరం గారి సంతకం.

"ఆ రోజు క్లాసులో చదివి వినిపించినారు సారు," అంది పుష్పకుమారి, నేలకేసి చూస్తూ. "'ఫ్లెమింగోలకు నువ్వేమన్నా మంత్రసానివా' అన్నారు. అందరూ నవ్వినారు. నేనూ నవ్వినాను. మర్నాటి నుంచి బడికి రాలేదు."

గంగాధరం గారు కళ్లజోడు తీసి తుడిచారు. అది శుభ్రంగానే ఉంది.

"ఊళ్లో అందరి కాగితాలూ రుద్దావు కదక్కా, ఈ సున్నా మీద ఇరవై ఏళ్లుగా ఎందుకు చెయ్యి వెయ్యలేదు?"

"రాలకపోతే?"

తరగతిలో పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు.

గంగాధరం గారు లేచారు. మోకాళ్లు పట్టేసిన మనిషి, కుర్చీ పట్టుకుని వంగి, గిన్నెలోంచి చిటికెడు బూడిద తీసి ఆమె అరచేతిలో వేశారు.

"రుద్దమ్మా," అన్నారు.

పుష్పకుమారి కళ్లు మూసుకుని రుద్దింది. సున్నా ఊడి నేలమీద పడింది. పొలుసులా విడిపోలేదు, గాజులా నిలబడి వరండా అంతా దొర్లి, సారు చెప్పుకు తగిలి ఆగింది. ఆయన దాన్ని తీసి కళ్లజోడు డబ్బాలో పెట్టుకున్నారు.

"వద్దు సారూ, ఊడ్చేస్తాలే."

"నాది కదమ్మా. నా దగ్గరే ఉండనీ."

కెజియా అప్పటికే పెన్ను మూత తీసింది. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ గబగబా నిండాయి. 'చదువు మధ్యలో ఆపడానికి కారణం' అన్న గడి దగ్గర పెన్ను ఆగింది.

"ఇంటి పనులు అని రాయండి మేడమ్. అందరూ అదే రాస్తారు."

"అది రాలిపోతుందమ్మా," అన్నారు గంగాధరం గారు. "నా పేరు రాయండి. గంగాధరం మాస్టారు అవమానించినాడని రాయండి. కింద నేను సంతకం పెడతాను."

పెట్టారు. ఆ తర్వాత తన పుస్తకం చంకలో పెట్టుకుని, మెట్లు దిగుతూ వెనక్కి తిరిగారు.

"ఆ బూడిదరంగు పిల్లలు ఇప్పుడు సరస్సులో ఉన్నాయా?"

"ఉన్నాయి సారూ. మా నాయన పడవ ఆదివారం ఖాళీనే."

"నాకు ఈత రాదు."

"నడుం లోతే సారూ. పడితే లేచి నిలబడండి."

కెజియా నలభయ్యో ఫారంలో 'సవరించి మళ్లీ పంపాలి' అని రాసింది. హెడ్మాస్టరు గారు పొయ్యి ఇంకా ఎందుకు అంటుకోలేదని అడగడానికి గదిలోంచి వచ్చారు. పదిన్నరయింది. ఆయన బయటికొచ్చి చూసే సమయానికి పుష్పకుమారి నిండిన దరఖాస్తును మోకాళ్ల మీద పరుచుకుని, అలవాటు కొద్దీ చేతికి బూడిద అద్దుకుని, పైనుంచి కిందిదాకా మెల్లగా రుద్దుతోంది.

ఒక్క అక్షరమూ కదల్లేదు.