సుమన వచ్చేదాకా

తండ్రి ముఖం కూతురు చూసిన తర్వాతే మట్టి. యేసమ్మ ఆ మాట ఒక్కసారే అన్నది, మళ్లీ నోరు విప్పలేదు. ఆమె భర్త యోసేపు సారు ముందు రోజు సాయంత్రం, టీ గ్లాసు చేతిలో ఉండగానే కుర్చీలో ఒరిగిపోయాడు. కూతురు సుమన మస్కట్‌లో నర్సు. ఆమెకు దొరికిన విమానం ఈ రాత్రిది. మెదక్ చేరేసరికి రేపు తెల్లవారుతుంది. చూస్తే మే నెల ఎండలు. అందుకని నర్సింగం టెంటు హౌసు నుంచి ఫ్రీజర్ బాక్సు తెప్పించి, సారును అందులో పడుకోబెట్టి, ఇంటిల్లిపాదీ దాని మోత వింటూ కూర్చున్నారు.

కోడలు ప్రిస్కిల్లా ఆ మోతను ఎంతగా వింటున్నదో అది ఆగిపోతే గాని ఆమెకు తెలియలేదు.

పొద్దున వాకిట్లో నర్సింగం మనుషులు షామియానా లేపుతున్నారు. ఇనప పైపు ఒకటి పైకి లేస్తూ లేస్తూ ఇంటికి వచ్చే కరెంటు తీగకు తగులుకుంది. తీగ కింద పడలేదు గాని, స్తంభం దగ్గర దాని కొస ఊడి వేలాడింది. హాల్లో ఫ్యాను ఆగింది. పెట్టె మోత ఆగింది. పెట్టె చుట్టూ కూర్చున్న ఆడవాళ్లంతా ఒకేసారి తలలెత్తారు. వీధిలో ఇంకెవరింట్లోనూ కరెంటు పోలేదు.

ప్రిస్కిల్లా భర్త పౌలు నర్సింగం మీదికి లేచాడు. "కండ్లు నెత్తిమీద పెట్టుకోని చేస్తున్నరా పని?"

"పరేషాన్ గాకు పౌలన్నా. జనరేటర్ ఉన్నది గద," అన్నాడు నర్సింగం. పక్కింటి వాళ్లు పెళ్లికని తూప్రాన్ పోయారు, తాళం ఉంది. ఎదురింటి నుంచి వైరు లాగుదామని ఎవరో అంటే నర్సింగం ఒప్పుకోలేదు. "జనరేటర్ ఉండంగ మంది ఇండ్లల్ల అడుక్కునుడు ఎందుకు? నా దుకాణం ఇజ్జత్ ఏం గావాలె?"

పెరట్లో జనరేటరు పెట్టి, రెండు కొసలకూ ప్లగ్గులున్న వైరు తెచ్చాడు. ఒక కొస జనరేటర్లో, రెండోది వంటగది సాకెట్లో. మెయిన్ దించి అలా గుచ్చితే ఇల్లంతటికీ కరెంటు వస్తుంది. చావులకూ ఇంటి ప్రార్థన కూడికలకూ నర్సింగం ఎప్పుడూ చేసే పద్ధతే. "మెయిన్ మాత్రం ఎవ్వరు ముట్టొద్దని చెప్పు అన్నా," అన్నాడు పౌలుతో. పౌలు తల ఊపాడు. ఊపిన మనిషి ఆ మాట ఎవరి చెవినా వేయకుండానే, సంఘం పెద్దలు పిలిస్తే గోతి చోటు చూడటానికి సమాధుల తోటకు పోయాడు.

పెట్టె మళ్లీ మోగింది. కాని పెట్రోలు మీద నడిచే యంత్రం తెల్లవారేదాకా ఆగకుండా నడుస్తుందని ప్రిస్కిల్లాకు నమ్మకం కుదరలేదు. ఆమెకు ఏ పనీ సగంలో ఉండకూడదు. కరెంటు వాళ్ల నంబరుకు ఫోన్ చేసింది.

"సమస్య ఎమర్జెన్సీనా మేడమ్?" అన్నది అటు గొంతు. పిల్ల చిన్నదే.

"ఎమర్జెన్సీనే. ఇంట్లో మామయ్య పార్థివదేహం ఉన్నది. ఫ్రీజర్ బాక్సు నడవాలె."

కొంచెంసేపు కీబోర్డు చప్పుడు. "సారీ మేడమ్. ఇక్కడ దానికి ఆప్షన్ లేదు. వెంటిలేటర్ పేషెంట్ అని ఉంది. హాస్పిటల్ అని ఉంది. కోల్డ్ స్టోరేజీ అని ఉంది. కోల్డ్ స్టోరేజీ పెట్టమంటారా?"

ప్రిస్కిల్లా పెట్టె వైపు చూసింది. ఇరవై ఏళ్లు పొద్దున్నే "బిడ్డా, పేపర్ వచ్చిందా" అని అడిగిన మనిషి ఆయన.

"పెట్టమ్మా," అన్నది చివరికి.

ఆప్షన్ ఏదైతేనేం, లైన్‌మన్ ఎల్లేష్ తొందరగానే వచ్చాడు. గుమ్మం ముందు చెప్పులు విడిచి, పెట్టె దగ్గరికి పోయి దండం పెట్టుకున్నాడు. "లెక్కలు మస్తు చెప్పిండమ్మా సారు. గంతకన్న మస్తు కొట్టిండు," అని, నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో తనకే తెలియనట్టు ముఖం తుడుచుకున్నాడు. "కొస కలుపుడే. జర సేపట్ల అయితది."

బయటికి పోయి సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి, ఆ వీధి లైను బంద్ చేయించాడు. ఎదురింటి వరండాలో ఫ్యాను నిలిచిపోయింది. ఎల్లేష్ స్తంభానికి నిచ్చెన ఆనించి, నడుముకు తాడు కట్టుకుని ఎక్కాడు. షామియానా గుడ్డ అడ్డం వచ్చి ఇంట్లో వాళ్లకు అతని కాళ్లు మాత్రమే కనిపించాయి, తర్వాత అవీ కనిపించలేదు.

అప్పుడే ప్రిస్కిల్లా ఫోన్ మోగింది.

"మేడమ్, మీ కంప్లయింట్ క్లోజ్ చేయడానికి కాల్ చేశాను."

"ఇంకా కాలేదమ్మా. ఇప్పుడే ఎక్కిండు."

"లైన్‌మన్ అటెండ్ అయినట్టు మాకు మెసేజ్ వచ్చింది. ఒకసారి మెయిన్ ఆన్ చేసి, మీటరు మీద ఎర్ర లైటు వెలిగిందేమో చూసి చెప్తారా? నేను లైన్లో ఉంటాను."

ఆమె వసారా గోడ దగ్గరికి నడిచింది. మెయిన్ దించి ఉంది. ఎవరు దించారని ఒక్క క్షణం అనుకున్నది. తీగ ఊడినప్పుడు ఎవరో జాగ్రత్తకు దించి ఉంటారనిపించింది. పైకెత్తింది. మీటరు మీద ఎర్ర దీపం వెలిగింది.

"వెలిగిందమ్మా."

"థాంక్యూ మేడమ్."

అప్పుడే కలిపేశాడా, ఎంత పనిమంతుడు అనుకున్నది. అత్తమ్మకు చెబుదామని హాల్లోకి అడుగు పెట్టింది. చేతిలో ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. మీ ఫిర్యాదు పరిష్కరించబడినది, మా సేవకు రేటింగ్ ఇవ్వండి.

బయట ఎవరో అరిచారు. మాట కాదు, అరుపు. వెంటనే చాలామంది అరిచారు.

ఆమె షామియానా కిందికి పరుగెత్తింది. స్తంభం మీద ఎల్లేష్ వెనక్కి వంగిపోయి ఉన్నాడు. కుడిచేయి తీగ కొసను పట్టుకుని ఉంది. అది పట్టుకున్నట్టు లేదు, అతుక్కున్నట్టు ఉంది. నిచ్చెన టకటకా కొట్టుకుంటోంది. ముఖం ఇటే తిరిగి ఉంది. నోరు తెరిచి ఉంది, అందులోంచి చప్పుడు రావటంలేదు.

"లైన్ ఇచ్చిండ్రు! సబ్‌స్టేషన్‌కు ఫోన్ గొట్టుండ్రి!"

"ముట్టకు రా నిచ్చెనను! నువ్వు గూడ పోతవు!"

"ఎవడురా కరెంట్ ఇచ్చింది!"

ప్రిస్కిల్లా చూపు ఎదురింటి వరండా మీద పడింది. అక్కడి ఫ్యాను కదలటంలేదు. వీధిలో కరెంటు లేదు. మరి అతని చేతిలోకి ఎక్కడిది? వెనక హాల్లో ఆమె ఇంటి ఫ్యాను గిరగిరా తిరుగుతోంది. పెరట్లో జనరేటరు మోగుతోంది. ఆ కరెంటే మీటరు మీద ఎర్ర దీపం వెలిగించింది. ఆ దీపం దగ్గర ఆగకుండా తీగ వెంట స్తంభం మీదికి ఎక్కింది.

ఎలా వెనక్కి వచ్చిందో ఆమెకు తెలియదు. మెయిన్ మీద చేయి పడింది. దించింది.

బయట అరుపులు మారిపోయాయి. ఆమె తిరిగి వచ్చేసరికి ఎల్లేష్ నడుము తాడు మీద వేలాడుతున్నాడు, తల ఛాతీ మీదికి వాలింది. నలుగురు ఎక్కి దించారు. నేల మీద పడుకోబెట్టి నర్సింగం తన రెండు చేతులతో ఛాతీ అదుముతూనే ఉన్నాడు, అతని కళ్ల నుంచి నీళ్లు ఎల్లేష్ చొక్కా మీద పడుతున్నాయి. చివరికి ఎల్లేష్ గొంతులో గురకలాంటి చప్పుడొచ్చింది. ఎవరిదో కారులో వేసుకుని దవాఖానకు పోయారు. అతని అరచేయి నల్లగా ఉండటం ఆమె చూసింది.

కరెంటు ఆఫీసు ఏఈ మరో లైన్‌మన్‌ను వెంటబెట్టుకుని వచ్చేసరికి వీధి జనంతో నిండిపోయింది. పౌలు కూడా వచ్చాడు. అందరూ ఏఈని చుట్టుముట్టారు.

"మనిషిని పైకెక్కించి లైన్ ఇస్తరా? మీకు మనిషి పానం అంత అగ్గువ అయిందా?" అంటున్నాడు పౌలు. "సావు జరిగిన ఇంటి ముంగట ఇంకో సావు చేస్తరా?"

ఏఈ ఫోన్లో సబ్‌స్టేషన్ ఆపరేటర్‌ను తిడుతున్నాడు. "పరశురాం, నీకు మతి ఉన్నదా? ఎవరు చెప్పిండ్రు లైన్ ఛార్జ్ చెయ్యమని? ఒట్లు పెట్టకు. నేను పై ఆఫీసరుకు రిపోర్ట్ రాస్త, ఇంట్ల కూసుంటవు." ఫోన్ పెట్టేసి, పౌలు వైపు తిరిగి మెత్తబడ్డాడు. "అన్నా, తప్పయింది. ఆపరేటర్ మీద యాక్షన్ తీసుకుంట. ముందు మీ ఇంటి లైన్ కలిపిస్త. సారు కోసం కూతురు వస్తున్నదంట గద. ఇగో, వీడు ఇప్పుడే ఎక్కుతడు."

జనం కొంచెం తగ్గారు. మంచిమాటే అన్నట్టు ఒకరిద్దరు తల ఊపారు.

ప్రిస్కిల్లా గుమ్మంలో నిలబడి ఉంది. ఊరుకుంటే తీగ కలుస్తుంది. పెట్టె తెల్లవారేదాకా మోగుతుంది. సుమన వచ్చి చూసుకుంటుంది. పరశురాం ఎవరో ఆమెకు తెలియదు. ఆ మనిషి ఎక్కడో సబ్‌స్టేషన్లో కూర్చుని, తాను చేయని పనికి ఒట్లు పెడుతున్నాడు. నర్సింగం పైపుల పక్కన నేల చూస్తూ నిలబడ్డాడు. అతనికీ అర్థమైందని ఆమెకు తెలిసింది. అతను తల ఎత్తలేదు.

"ఏఈ గారూ," అన్నది. "సబ్‌స్టేషన్ నుంచి రాలే. మా ఇంట్లకెల్లే పోయింది కరెంటు. జనరేటర్ నడుస్తుంటే మెయిన్ ఏసింది నేను."

పౌలు ఆమె వైపు చూసిన చూపు పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె చూడనిది.

"నువ్వు ఎందుకు ఏసినవు? నర్సింగం నాకు చెప్పిండు గద ముట్టొద్దని," అన్నాడు. అంటుండగానే మాట మెల్లబడింది. ఎవరికి చెప్పాడో, ఎవరికి చెప్పలేదో అతనికే గుర్తొచ్చింది. అరుగు మీద కూలబడ్డాడు.

"మీ ఫోన్ల అమ్మాయి ఏసి చూడమన్నది, ఏసిన," అన్నది ఆమె ఏఈతో. "ఎదురింటి ఫ్యాన్ తిరగలే. అడుగుండ్రి."

ఎదురింటి వజ్రమ్మ, "అవు సారూ, మా ఇంట్ల అసలు కరెంటే రాలే," అన్నది మెల్లగా.

ఏఈ లోపలికి వచ్చి మెయిన్ చూశాడు, వంటగదిలో రెండు ప్లగ్గుల వైరు చూశాడు. బయటికి వచ్చి పరశురాంకు మళ్లీ ఫోన్ చేసి, "నీది కాదు, ఉండు," అని మాత్రం అన్నాడు. తర్వాత ఆయన మాటలో మెత్తదనం లేదు. "ఇగ ఈ ఇంటి లైన్ ముట్టేది లేదమ్మా. పై నుంచి వచ్చి చూడాలె, పోలీసోళ్లు రావాలె. జనరేటర్ గూడ కదిలియ్యొద్దు, ఏసేది లేదు." తన లైన్‌మన్‌ను వెంటబెట్టుకుని దవాఖానకు పోయాడు.

నర్సింగం జనరేటరు ఆపి ప్లగ్గు పీకాడు. ఇంట్లో చప్పుడనేది లేకుండా పోయింది.

ఇంకెవరింటి నుంచైనా వైరు లాగుదామన్నాడు పౌలు తమ్ముడి వరుసయ్యే ఒకడు. ఈ ఇంట్లోకి వచ్చే వైరు ఇప్పుడు ఎవరు ఇస్తారు? దవాఖాన మార్చురీ మాట ఎవరో ఎత్తారు.

"నా మనిషిని అండ్ల పెట్టనియ్య," అన్నది యేసమ్మ. నిన్నటి నుంచి ఆమె నోట్లోంచి వచ్చిన రెండో మాట అది. తర్వాత కొడుకు వైపు చూడలేదు, కోడలి వైపే చూసింది. "ఆ లైను పిల్లగాడు?"

"ఊపిరి ఆడుతున్నది అత్తమ్మా. కండ్లు తెరిచిండంట, ఇప్పుడే ఫోన్ వచ్చింది. నీళ్లు అడిగిండంట."

యేసమ్మ కళ్లు మూసుకున్నది. తెరిచి, "పాస్టరు గారిని పిలువుండ్రి. పొద్దు గూకక ముందే తీసుకపోదాం," అన్నది. "సుమనకు నువ్వే చెప్పు."

మస్కట్‌లో సుమన రాత్రి విమానానికి ముందే వచ్చి విమానాశ్రయంలో కూర్చుని ఉంది. వీడియోలో ఆమె వెనక ఎవరో పిల్లలు ట్రాలీ తోసుకుంటూ ఆడుతున్నారు. ప్రిస్కిల్లా జరిగింది జరిగినట్టు చెప్పింది. మెయిన్ తానే వేశానని ముందు చెప్పింది, సాయంత్రమే మట్టి అని తర్వాత చెప్పింది. సుమన నోటికి చేయి అడ్డం పెట్టుకుని విన్నది.

"వదినా, ఏదన్న అను. తిట్టు," అన్నది ప్రిస్కిల్లా.

"ఆ పిల్లగాడిని ఏ వార్డుల పెట్టిండ్రు? గుండె కొట్టుకునుడు మళ్లమళ్ల చూడుమను. షాక్ తిన్నోళ్లకు బాగున్నట్టే ఉండి తర్వాత తేడా అయితది. చెప్పు వాళ్లకు," అన్నది సుమన. గొంతు నర్సుదే, కన్నీళ్లు మాత్రం ఆగటంలేదు. "డాడీని చూపియ్యి."

ప్రిస్కిల్లా ఫోన్‌ను పెట్టె అద్దం మీదికి వంచింది. చల్లదనం పోతున్నకొద్దీ అద్దం మీద ఆవిరి కమ్ముకుంది. కొంగుతో తుడిచింది. పోలేదు. ఆవిరి లోపలివైపు ఉంది. తెల్లటి మబ్బు వెనక ముక్కు మాత్రం తెలిసీ తెలియనట్టు కనిపిస్తోంది.

"కనపడ్తలేడు ప్రిస్కిల్లా."

"తీస్తే వేడి తగులుతది వదినా. సాయంత్రం దాకా..."

"తగలనియ్యి. నాకు ఇప్పుడే గద."

ప్రిస్కిల్లా అత్తమ్మ వైపు చూసింది. యేసమ్మ లేచి వచ్చింది. మూతకు ఒకవైపు అత్త, ఒకవైపు కోడలు పట్టి ఎత్తారు. లోపలి చల్లటి గాలి ఇద్దరి చేతులకూ తగిలి పోయింది. యేసమ్మ తన అరచేత్తో భర్త చెంప మీది తడి తుడిచింది. ప్రిస్కిల్లా ఫోన్‌ను ఆయన ముఖం మీదికి దించి, అటు నుంచి చాలమ్మా అనే మాట వచ్చేదాకా అలాగే పట్టుకుని నిలబడింది.