కొలతలు రాని మేస్త్రి

ఉపాధి కార్యాలయంలో టోకెన్లిచ్చే మిషను పాడై నెల దాటింది. అప్పట్నుంచి గుమ్మం దగ్గరి కాపలావాడే అట్టముక్కల మీద అంకెలు రాసి పంచుతున్నాడు. ఆరు తిరగేస్తే తొమ్మిదని ఎవరో గొడవ పెట్టుకున్నాక దాని కింద గీత గీయడం మొదలుపెట్టాడు. మేస్త్రికి ఆ రోజు గీత ఉన్న ఆరు దొరికింది.

"ఏం మేస్త్రీ, మళ్లీ వచ్చావా? నీకన్నా నేనే నయం. జీతమిచ్చి మరీ కూర్చోబెట్టారు" అన్నాడు కాపలావాడు.

"కూర్చునే పని నాకు రాదయ్యా. వచ్చుంటే నీ కుర్చీకే ఎసరు పెట్టేవాణ్ణి."

కాపలావాడు నవ్వి, కుర్చీని కాస్త వెనక్కి జరుపుకున్నాడు.

మేస్త్రి చేసింది నమూనాల పని. ఇనుప పోతల కార్ఖానాలో ముప్పై ఒక్క ఏళ్లు. పంపు గుల్ల కావాలన్నా, పళ్లచక్రం కావాలన్నా ముందు దాన్ని చెక్కతో చెయ్యాలి. ఆ చెక్క చుట్టూ ఇసుక దట్టించి, మెల్లగా పైకి లాగితే ఇసుకలో దాని అచ్చు నిలబడుతుంది. ఆ గుంటలో కరిగిన ఇనుము పోస్తారు. ఇనుపది ఓడలెక్కి దేశాలు తిరుగుతుంది. చెక్కది అటక మీద దుమ్ము కొట్టుకుపోతుంది. మేస్త్రి చేసినవన్నీ అటక మీదవే. రెండేళ్ల కింద కార్ఖానాకు తాళం పడింది, అటకతో సహా.

మొదటిసారి ఈ కార్యాలయానికి వచ్చినప్పుడు సలహాలిచ్చే అమ్మాయి అతని పని పేరు కోసం కంప్యూటర్లో కిందికీ పైకీ చాలాసేపు వెతికింది.

"ఆ పేరు మా జాబితాలో లేదంకుల్. చెక్కతోనే కదా మీరు చేసేది?"

"చెక్కతోనే అమ్మా. కానీ..."

"వడ్రంగి అని పెడతాను. ఏదో ఒకటి పెట్టకపోతే ఇది ముందుకు పోనివ్వదు."

కంప్యూటరు ముందుకు పోవడం కోసం మేస్త్రి వడ్రంగి అయ్యాడు.

ఆ మీదట రెండు చీటీలు ఇచ్చింది. మొదటిది సామాను పెట్టెలు కొట్టే చోటికి. వాళ్లు అతని నెరిసిన తల వంక చూసి, పెట్టె ఎత్తి లారీలో పెట్టమన్నారు. పెట్టాడు. రెండోది పెట్టమన్నారు. అదీ పెట్టాడు. పడతాడేమోనని చూసినవాళ్లు పడకపోయేసరికి ఏం చెయ్యాలో తెలియక, కబురు చేస్తామన్నారు. రెండో చీటీ తలుపు చట్రాల దుకాణానికి. ఆ ఉద్యోగం మూడు నెలల కిందటే ఇంకొకడికి ఇచ్చేశారు. మేస్త్రికి గేటు తీసింది వాడే. పాపం, మంచినీళ్లు కూడా ఇచ్చాడు.

అతని ఉపాధి కార్డు మీద రెండింటికీ ఒకటే మాట పడింది: కుదరలేదు.

మూడుసార్లు కుదరకపోతే కార్డు కొట్టేస్తారు. యాభై అయిదు దాటినవాళ్ల పేరు కొత్తగా రాసుకోరు. మేస్త్రికి యాభై ఆరు. ఇల్లు నడిచేది కార్డు మీద వచ్చే భృతితోనే, ఎవరైనా పనికి పిలిచేదీ కార్డు చూసే. ఇక మిగిలింది ఒక్క చీటీ.

"ఆరు!" అని పిలిచారు.

సలహా అమ్మాయి మంచిదే. అదే వచ్చిన చిక్కు. గయ్యాళిదైతే ఇంటికెళ్లి తిట్టుకునైనా తిట్టుకోవచ్చు. ఈ పిల్ల నవ్వుతూ కుర్చీ చూపిస్తుంది, మంచినీళ్లు తాగారా అంకుల్ అంటుంది, చెప్పేది మాత్రం వినదు. వినలేదని మనకు తెలిసేలోపు ఇంకో ప్రశ్న అడిగేస్తుంది.

"అంకుల్, ఈసారి మనం గట్టిగా కొట్టాలి. చెక్క అల్మారాల కార్ఖానా. కుర్రవాళ్ల కంపెనీ. అడుగుతాను, చెప్పండి: మీ బలహీనత ఏమిటి?"

మేస్త్రి ఆలోచించాడు. "ఎడమ మోకాలమ్మా. చలికాలం మాత్రమే."

"అయ్యో, అలా చెప్పకూడదు! పని మొదలుపెడితే ఆపలేను, అదే నా బలహీనత అనాలి."

"ఆపకపోతే ఇంటికెప్పుడెళ్తానమ్మా?"

ఆమె నవ్వి కాగితం మీద ఏదో కొట్టేసింది. చూస్తే, ముప్పై ఒక్క ఏళ్లలో ఇరవై ఒకటి పోయాయి. "అన్నేళ్లు ఒక్కచోటే అంటే కదలనివాళ్లు అనుకుంటారంకుల్. పదేళ్లు చాలు. జుట్టుకు రంగు వేసుకోండి. ఆ కళ్లజోడు మాత్రం లోపలికి వెళ్లేముందే తీసెయ్యండి. దానితో మీకు పదేళ్లు ఎక్కువ కనిపిస్తున్నాయి."

"దగ్గరివి కనపడవమ్మా, అది లేకపోతే."

"ఒక్కరోజుకే కదా. మొదట చూసే చూపే ముఖ్యం. మీ మంచికే చెప్తున్నా."

కళ్లజోడు తీసేస్తే చూపెలా ముఖ్యమవుతుందో మేస్త్రికి అర్థం కాలేదు. అడిగేవాడికి చెప్పేవాడు లోకువంటారు. ఇక్కడ అడగడానికి వచ్చినవాడే అందరికీ లోకువ. చీటీ జేబులో పెట్టుకుని లేచాడు.

ఇంట్లో భార్య పాత తువ్వాలు మెడకు చుట్టి, గిన్నెలో రంగు కలిపి, పళ్లు తోముకునే బ్రష్షుతోనే తలకు పట్టించింది.

"కదలకండి. చెవికి అంటుకుంటే చెవి కూడా పడుచుదైపోతుంది."

"నవ్వు. నీకేం!"

"నవ్వక ఏడవనా? పెళ్లినాడు కూడా ఇంత నల్లగా లేదు మీ జుట్టు." కాసేపు బ్రష్షు ఆడించి, గొంతు తగ్గించింది. "ఈ మూడోదీ తప్పిపోతే, అప్పుడెలాగండీ?"

మేస్త్రి తువ్వాలు కొసతో చెవి తుడుచుకున్నాడు. తెలియని దానికి జవాబు చెప్పడం అతనికి అలవాటు లేదు.

అల్మారాల కార్ఖానా పొడుగాటి రేకుల షెడ్డు. లోపల రంపాల మోత, పొట్టు వాసన, జిగురు వాసన. యజమాని ముప్పై అయిదేళ్లవాడు. చెవి మీద పెన్సిలు పెట్టుకున్నాడు. అది చూసి మేస్త్రికి కాస్త ధైర్యం వచ్చింది. కళ్లజోడు అప్పటికే జేబులోకి పోయింది.

"రండి పెద్దాయనా. కోసే మిషను రిపేరులో ఉంది. చేత్తో చేసేవాడే కావాలి నాకిప్పుడు. నాలుగు సొరుగులు. కొలతలు కాగితం మీద పెద్దగా రాయించాను. అల్మారా పక్క షెడ్డులో ఉంది, రంగు తడి ఆరలేదు, అటు పోవద్దు. మధ్యాహ్నానికి నాలుగూ చేసివ్వగలిగితే రేపట్నుంచే రండి."

బలహీనత ఏమిటని అడగలేదు. మేస్త్రి ప్రాణం లేచొచ్చింది.

బల్ల మీద వాళ్ల టేపు ఉంది. లాగి చూస్తే గీతలన్నీ కలిసిపోయి చీమలబారులా కనిపించాయి. చెయ్యి జేబు దాకా వెళ్లి ఆగింది. గాజు గది లోంచి యజమాని చూస్తున్నాడు. మేస్త్రి తన సంచి విప్పి తన ఉక్కు స్కేలు తీశాడు. దాని గంట్లు లోతుగా ఉంటాయి. బొటనవేలి గోరు ఆనించి జరుపుకుంటూ పోతే కళ్లతో పని లేదు.

ఆ తర్వాత మూడు గంటలు అతనికి యాభై ఆరు లేవు. చిత్రిక పడుతుంటే పొట్టు ఉంగరాలు తిరిగి మోచేతి మీద పడింది. మూలల్లో పళ్లు కోసి, పళ్లలో పళ్లు దించి, చెక్క సుత్తితో తట్టాడు. మేకు ఒక్కటి వాడలేదు. పక్క బల్ల దగ్గర పనిచేసే గడ్డం ఆయన రంపం ఆపి వచ్చాడు.

"మేకులెక్కడ మేస్త్రీ?"

"మేకు అబద్ధం లాంటిది. ఒకటి కొడితే దాన్ని నిలబెట్టడానికి ఇంకోటి కొట్టాలి."

గడ్డం ఆయన సొరుగు మూల మీద వేలు పెట్టి రాశాడు. అతుకు దొరకలేదు. "అబ్బ!" అన్నాడు, అంతే. రెండేళ్లలో మేస్త్రి విన్న మొదటి మంచిమాట అది.

మధ్యాహ్నం కాకముందే నాలుగూ వరసలో పెట్టాడు. యజమాని వచ్చి చూసి ఈల వేశాడు. ఇద్దరు మనుషులు సొరుగుల్ని పక్క షెడ్డుకు మోసుకెళ్లారు. మేస్త్రి చేతులు దులుపుకుంటూ వెనకే నడిచాడు.

మొదటి సొరుగు పోలేదు. తిప్పి పెట్టారు, పోలేదు. రెండోది ఎత్తారు. అదీ మూతి దగ్గరే ఆగింది. యజమాని నడుముకున్న టేపు తీసి సొరుగు మీద పరిచాడు.

"ఆరు వందల మిల్లీమీటర్లని రాయించాను కదా పెద్దాయనా. ఇది ఆరు వందల ఆరు." మూడోది కొలిచాడు. "ఆరు వందల ఆరు." నాలుగోది కొలవకుండానే వదిలేశాడు.

ఎందుకలా అయిందో మేస్త్రికి ఆ క్షణమే తెలిసిపోయింది.

కరిగిన ఇనుము చల్లారితే ముడుచుకుంటుంది, నూటికి ఒకటి. అందుకని నమూనాను ముందే ఆ మేరకు పెద్దది చెయ్యాలి. ప్రతిసారీ లెక్క కట్టడం కుదరదని, నమూనాల వాళ్ల స్కేలునే ఆ ఒకటి కలిపి సాగదీసి గంట్లు పెడతారు. దాని మీద ఆరు వందలంటే నిజానికి ఆరు వందల ఆరు. మేస్త్రి సంచిలో రెండు స్కేళ్లూ ఉన్నాయి. మామూలుది, చల్లారిన పోతను కొలిచేందుకు. పెద్దది, చెక్క కోసేందుకు. ముప్పై ఒక్క ఏళ్లుగా చెక్క ముందు నిలబడితే చెయ్యి పెద్దదాని మీదికే పోయింది. ఇవాళా పోయింది. కళ్లజోడుంటే స్కేలు చివర రాసున్నది కనపడేదేమో. చేతికి చదువు రాదు కదా.

"బాబూ, ఇది పోతపని స్కేలు. ఇనుము ముడుచుకుంటుంది కదా, దానికోసం..."

"ఇనుము ముడుచుకుంటుంది, సరే. ఇక్కడ ఇనుమెక్కడుంది పెద్దాయనా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. గడ్డం ఆయన నవ్వలేదు, తన పాదాల వంక చూసుకున్నాడు.

"నా దగ్గర మామూలు స్కేలూ ఉంది. ఒక్క గంటివ్వు. విడగొట్టి, పక్కలు తగ్గించి..."

"జిగురు పట్టేసింది. సాయంత్రానికి అల్మారా పంపాలి నేను." యజమాని గొంతులో కోపం లేదు, తొందర ఉంది. "పనితనం బంగారం. కాదనను. కానీ కొలత తప్పితే నేనేం చేసుకోను?" చెవి మీది పెన్సిలు తీసి చీటీ వెనక రాశాడు. మేస్త్రి గేటు దాటాక కళ్లజోడు పెట్టుకుని చదివాడు. కొలతలు తెలియవు.

ఆ చీటీ చింపెయ్యడానికి లేదు. సాయంత్రంలోపు కార్యాలయంలో ఇవ్వకపోతే పనికి వెళ్లనట్టే లెక్క.

సలహా అమ్మాయి చదివి "అయ్యో" అంది. మేస్త్రి ఆమెకు రెండు స్కేళ్లూ బల్ల మీద పక్కపక్కన పెట్టి చూపించాడు. ఇసుక దగ్గర్నుంచి మొదలుపెట్టి చెప్పాడు. అన్నాళ్లలో ఆమె ముందు అతను అంత మాట్లాడింది అదే. ఆమె తల ఊపుతూనే ఉంది. మధ్యలో ఫోను మోగితే తీసింది, పెట్టేసింది.

"అర్థమైందంకుల్. కానీ ఇక్కడ నాకు మూడే గడులున్నాయి. పని వద్దన్నారు, పనికి వెళ్లలేదు, పని రాదు. మొదటి రెండిట్లో ఏది నొక్కినా కార్డు ఇప్పుడే పోతుంది."

"పని వచ్చు, స్కేలు మారిందని రాయమ్మా."

"రాసే చోటు లేదంకుల్. నొక్కే చోటే ఉంది." ఆమె కళ్లు ఒక్కసారిగా మెరిశాయి. "ఆగండాగండి. పని రాదు అని పెడితే శిక్షణకు పంపొచ్చు! శిక్షణలో ఉన్నన్నాళ్లు కార్డు కొట్టెయ్యరు. ఆరు వారాలు. టేపు పట్టడం, గీత గీయడం, కొలతలు చదవడం, అన్నీ మొదట్నుంచి నేర్పుతారు. చూశారా, దారి దొరికింది!"

ఆమె నిజంగానే సంతోషించింది. కాగితం అచ్చయి వచ్చింది. కింద సన్నటి అక్షరాల్లో ఒక ముక్క: నాకు కొలతల పరిజ్ఞానం లేదని ఒప్పుకుంటున్నాను.

"ఈ మాట తీసెయ్యడానికి లేదామ్మా?"

"అది అందరికీ ఉండేదే అంకుల్. ఎవరూ చదవరు."

మేస్త్రి చదివాడు. ఇంకోసారి చదివాడు. సంతకం పెట్టకపోతే ఇంట్లో రేపటి సంగతేమిటో ఆలోచించాడు. వెనక గీత లేని తొమ్మిది నంబరాయన అప్పుడే లేచి నిలబడి గొంతు సవరించుకున్నాడు. మేస్త్రి పెన్ను తీసుకుని, చుక్కల గీత ఎక్కడ మొదలైందో అక్కడ మొదలుపెట్టి, ఎక్కడ ముగిసిందో అక్కడికి సరిగ్గా సంతకం చేశాడు.

ఇంటికి చేరేసరికి భార్య గుమ్మంలోనే ఉంది.

"ఏమైంది?"

"కార్డు పోలేదు."

"హమ్మయ్య! మరి పని?"

"సోమవారం నుంచి శిక్షణ కేంద్రానికి రమ్మన్నారు. ఆరు వారాలు. కొలతల తరగతి."

ఆమె రెండు చేతులూ చెంపలకు ఆనించుకుంది. "కేంద్రానికా! నేననుకుంటూనే ఉన్నానండీ. చేతిలో అంత విద్య పెట్టుకుని ఎక్కడికి పోతుంది! పిల్లలకు నేర్పాలంటే మీలాంటివాళ్లే కావాలి మరి."

మేస్త్రి నోరు తెరిచాడు. ఆమె మొహం చూశాడు. రెండేళ్లుగా ఆ మొహం అలా లేదు.

ఆమె అప్పటికే తమ్ముడికి ఫోను కలిపింది. "ఒరే, మీ బావకు పని దొరికిందిరా. కూర్చుని చేసే పని కూడాను. ఇదిగో మాట్లాడు" అని చెవి దగ్గర పెట్టింది.

"బావా! మాష్టారివైపోయావన్నమాట! ఇన్నాళ్లూ నోట్లో ముత్యాలున్నట్టు ఉండేవాడివి, తరగతిలో ఏం మాట్లాడతావు? బెత్తం నేను కొనిపెట్టనా?"

"ఊ" అన్నాడు మేస్త్రి.

"ఊ ఏమిటి, బెత్తం కావాలా వద్దా?"

"చూద్దాంలే."

ఆమె ఫోను తీసుకుని నవ్వుతూ ఇంకా ఏదో చెబుతూనే, అతని చొక్కా చేతి గుండీ వేలాడుతుండటం చూసింది. ఫోను భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి, సూదిలో దారం ఎక్కించి, అతని చెయ్యి తన వైపు లాక్కుంది.

"ఊడిన గుండీతో వెళ్తే పిల్లలు నవ్వరూ?" అంది. "చెయ్యి కదపకండి."

మేస్త్రి కదపలేదు.