మధ్య కుర్చీ

తీగ మారితే పాట మారుతుందా? ఈ అనుమానాన్ని బుల్లిబాబు పంతొమ్మిదేళ్లుగా మోస్తున్నాడు. చందానగర్‌లో విశ్వేశ్వరరావుగారి హాల్లో, యాంప్లిఫయర్ వెనక మోకాళ్ల మీద కూర్చుని, నోట్లో టార్చి పట్టుకుని, కొత్త స్పీకర్లకు తీగలు బిగిస్తూ ఇప్పుడూ అదే ఆలోచిస్తున్నాడు.

మాదాపూర్‌లో ఖరీదైన మ్యూజిక్ సిస్టమ్‌లు అమ్మే షోరూములో అతనిది బిగించే పని. మోకాళ్లు మొరాయించడంతో రేపటి నుంచి మానేస్తున్నాడు. ఇదే ఆఖరి ఇల్లు.

జేబులోంచి కాగితం పొట్లం తీశాడు. భార్య పుణ్యవతి రోజూ పూజయ్యాక కట్టి ఇచ్చే కుంకుమ అది. అగరొత్తి పొగ యంత్రాలకు పడదని యజమాని అవినాష్ అంటే మానేశాడు గానీ, తను బిగించిన ప్రతి యంత్రానికీ వెనకవైపు ఎవరికీ కనబడకుండా బొట్టు పెట్టడం మానలేదు. ఇవాళా బొటనవేలికి కుంకుమ అద్దుకుని పెట్టబోయాడు. తొమ్మిదేళ్ల కిందటి బొట్టు నల్లబడి, అక్కడే ఉంది.

తొమ్మిదేళ్ల కిందట విశ్వేశ్వరరావుగారు షోరూముకి వచ్చిన రోజు జరిగింది ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. కొనడానికొచ్చిన వాళ్లకు అవినాష్ మొదట మామూలు తీగతో పాట వినిపించేవాడు. తర్వాత సైగగా దగ్గేవాడు. తెర వెనక ఉన్న బుల్లిబాబు దాని బదులు ఖరీదైన తీగ బిగించేవాడు. ఆ రోజు మర బిగుసుకుపోయింది. తీగ మార్చకముందే పాట మొదలైంది. ఇవతల విశ్వేశ్వరరావుగారు ఎగిరి గంతేశారు. "ఆహా! మంచు విడిపోయినట్టుందయ్యా!" అన్నారు. తీగ కొనేశారు. బుల్లిబాబు నోరు విప్పలేదు.

అప్పటి నుంచి ఏటా దసరాకి యంత్రాలు తుడవడానికి వస్తే, ఆయన తన చేత్తో కాఫీ ఇచ్చి, "మా బుల్లిబాబు బిగిస్తే ఇక తిరుగులేదు" అని స్నేహితులకు చూపించేవారు. ఆ కాఫీ ఎప్పుడూ గొంతు దిగేది కాదు. ఆయనకు ఒక నిజం బాకీ ఉన్నాడు.

"అయిందా? అయిందా?" విశ్వేశ్వరరావుగారు లుంగీ ఎగ్గట్టి పిల్లాడిలా చుట్టూ తిరుగుతున్నారు. రిటైరైన ఇంజనీరు, డెబ్భై దాటాయి. "సాయంత్రం మా వాళ్లు నలుగురూ వస్తున్నారోయ్! అవినాష్ ఇంకా పెద్ద తీగ ఉందంటున్నాడు. తీసుకోనా? నీ మాట మీదే చేస్తాను."

బుల్లిబాబు నోట్లోంచి టార్చి తీశాడు. ఇప్పుడు నిజం చెబితే తన మాటకి విలువ పోతుంది. చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేడు.

"అయ్యగారండీ, ఆ రోజు నేను తీగ మార్చలేదండి."

అంతా చెప్పాడు. ఆయన ముఖం ఎర్రబడింది. పాత తీగ వంకా, బుల్లిబాబు వంకా మార్చి మార్చి చూశారు.

"తొమ్మిదేళ్లు! తొమ్మిదేళ్లు నా చేత గొప్పలు చెప్పించావా?" గది అదిరింది. కాసేపటికి కళ్లు మెరిశాయి. "సరే, ఇవాళ మళ్లీ చెయ్యి. మార్చావో లేదో నాకు చెప్పకు."

ఆయన వీణ రికార్డు పెట్టి, రెండు స్పీకర్లకూ ఎదురుగా ఉన్న మధ్య కుర్చీలో కళ్లు మూసుకుని కూర్చున్నారు. తీగ మార్చినా మార్చకపోయినా బిగించే చప్పుడు ఒకేలా ఉండాలని బుల్లిబాబు ప్రతిసారీ మరలు విప్పి బిగించాడు. మారిందనిపించిందో లేదో ఆయన పేపరు అంచు మీద రాసుకున్నారు, మార్చాడో లేదో ఇతను అరచేతిలో గీతలు పెట్టుకున్నాడు. ఆరుసార్లు.

వంటమనిషి చంద్రమ్మ తొంగిచూసింది. "ఏంది సారూ, ఒక్కటే పాట గిన్నిసార్లా? పరీక్ష రాస్తున్నరా ఏంది?"

"రాస్తున్నానే! తప్పుతానేమోనని భయంగా ఉంది!"

ఆరింటిలో రెండు కలిశాయి. ఆయన కళ్ల నీళ్లొచ్చేలా నవ్వారు. నవ్వి నవ్వి, చిన్నగా అడిగారు. "మరి ఆ రోజు నేను విన్నదేమిటయ్యా?"

"మొదటిసారి మీరు ఫోన్లో మాట్లాడుతున్నారండి. రెండోసారి కళ్లు మూసుకుని విన్నారు, తెర సందులోంచి చూశాను. అంతేనేమోనండి. తీగ సంగతి నాకిప్పటికీ తెలీదు. నేనెప్పుడూ ముందు కూర్చోలేదు కదండీ."

విశ్వేశ్వరరావుగారు చటుక్కున లేచారు. "ఎప్పుడూనా? లే. కూర్చో ఇక్కడ!"

"నా బట్టలు దుమ్మండి..."

"కూర్చోవయ్యా!"

బుల్లిబాబు చేతిలో టెస్టరుతోనే కుర్చీ అంచున కూర్చున్నాడు. పాట మొదలైంది. స్పీకర్లు కనబడటం మానేశాయి. వాటి నడుమ, గోడ దగ్గర, ఎవరో కూర్చుని వీణ వాయిస్తున్నారు. తీగ మీద వేలు జారిన చప్పుడు, ఊపిరి తీసుకున్న చప్పుడు, అన్నీ వినిపించాయి. ఇన్నేళ్లూ గర్భగుడి వెనక గోడకే దణ్ణం పెట్టుకున్నట్టయింది. ఒళ్లు పులకరించింది. టెస్టరు కుర్చీ చేతి మీద పెట్టి, తెలియకుండానే చేతులు జోడించాడు.

పాట అయ్యాక విశ్వేశ్వరరావుగారు కాఫీ తెచ్చారు. ఈసారి హాయిగా దిగింది. "పెద్ద తీగ వద్దని అవినాష్‌కి చెప్పేస్తాను" అన్నారాయన.

"వస్తానండి" అని బుల్లిబాబు సంచి భుజాన వేసుకున్నాడు. బోరబండ వెళ్లే లోకల్ రైలు టైమయింది. లిఫ్టు దాకా ఆయనే వచ్చి సాగనంపారు.

సాయంత్రం నలుగురూ వచ్చారు. ఒకాయన మధ్య కుర్చీ వైపు నడిచాడు. "అందులో వద్దండీ, కాసేపు" అన్నారు విశ్వేశ్వరరావుగారు. కుర్చీ చేతి మీద ఎర్రపిడి టెస్టరు ఉండిపోయింది, పిడి మీద కుంకుమ అంటిన బొటనవేలి ముద్రతో.