నడిచొచ్చిన చెప్పులు

ఆరింటికి ఇస్త్రీ పెట్టె వేడెక్కుతుంది, ఏడింటికి యాత్ర మొదలవుతుంది. ఇస్త్రీ అక్క తమ చర్చివాళ్ళతో కలిసి పరదేశంలోని మరియమ్మ పెద్ద గుడికి వెళ్ళొచ్చి నెలన్నర దాటింది. అయినా చొక్కా ఇవ్వడానికి వచ్చినవాళ్ళు ఎవరైనా సరే, కాలరు నుంచి చేతుల దాకా ఆ కథ వినాల్సిందే. ప్యాంటు కూడా తెచ్చారా, ఇక విమానం దిగేదాకా వదలదు.

అందరికీ నచ్చేది చెప్పుల ముచ్చట. అలవాటు కొద్దీ అక్క ఆ గుడి మెట్ల దగ్గర చెప్పులు విడిచి, పక్కపక్కన సర్ది, లోపలికి పోయింది. చూస్తే అంతా బూట్లతోనే ఉన్నారు. మగవాళ్ళు టోపీలు మాత్రం తీసి చేత్తో పట్టుకున్నారు. వాళ్ళు తల దగ్గర తీస్తారు, మనం కాళ్ళ దగ్గర తీస్తాం, రెండూ దేవుడి కోసమే కదా అని అక్క తేల్చేసింది. పూజలో ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా ఎప్పుడు లేవాలో, ఎప్పుడు మోకరించాలో ఒంటికే తెలిసింది. రాతినేల చలికి కాళ్ళు కొంకర్లు పోతుంటే, పక్కనున్న ముసలావిడ చూసి, మెడకు చుట్టుకున్న ఉన్నిగుడ్డ తీసి, వంగి ఆ పాదాల మీద కప్పింది. ఈ మాట దగ్గర ఇస్త్రీ పెట్టె ఆగేది. పేరూ ఊరూ తెలియని ఆ తల్లి కోసం రోజూ ఒక పరలోక జపం చెప్పుకుంటున్నానని అక్క అనేది. పూజయ్యాక బయటికొస్తే మెట్ల దగ్గర చెప్పులు లేవు.

ఎవరికీ చెప్పనిది ఒకటుంది. ఆ గుడిలో అక్క పేరుపేరునా అందరి కోసం వేడుకుంది, బాకీ ఎగ్గొట్టినవాళ్ళతో సహా. తమ్ముడి పేరు మాత్రం నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

ఆ చెప్పులు కుట్టిందీ తమ్ముడే, మాటలున్న రోజుల్లో. రెండు వీధుల అవతల అతనికి చెప్పుల కొట్టుంది. ఏడేళ్ళ కింద అమ్మ మంచాన పడ్డప్పుడు అక్క పని మీద పొరుగూరు వెళ్ళింది. ఫాదర్ గారిని ఆ సాయంత్రమే పిలిచుంటే అమ్మ నుదుటికి నూనె రాసి, దీవించి సాగనంపేవారు. తమ్ముడు రేపు పిలుద్దామన్నాడట. తెల్లారేసరికి అమ్మ లేదు. అప్పట్నుంచి అక్కాతమ్ముళ్ళు ఎడమొహం పెడమొహం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి అక్క. బజారుకి పోవాలన్నా ఆ కొట్టున్న వీధి తప్పించి చుట్టూ తిరిగి పోతుంది. ఇప్పుడా కొట్టు శనివారంతో మూసేసి, తమ్ముడు భార్య పుట్టిన ఊరికి మారిపోతున్నాడని ఎవరో చెప్పారు. పోనీలే అంది అక్క. ఆ రోజే ఒక మంచి చొక్కా మాడింది.

గురువారం పొద్దున పాలాయన సైకిలు ఆపి, "అక్కా, నీ చెప్పులొస్తున్నాయి," అన్నాడు.

నిజమే. వీధి మలుపు తిరిగి ఎడమదొకటి, కుడిదొకటి నడిచొస్తున్నాయి, రిక్షాకి దారిచ్చి మరీ. విమానమెక్కకుండా కాలినడకన వచ్చినట్టున్నాయి, అందుకే ఇంత ఆలస్యం అన్నాడు పాలాయన. చెప్పులరిగేలా తిరిగాననడం విన్నాంగానీ ఇవి నిజంగానే అరిగాయంది ఎదురింటావిడ.

అక్క ఇస్త్రీ పెట్టె నిలబెట్టి గడప దిగింది. చెప్పులు ఆవిడ ముందు నుంచే నేరుగా సాగిపోయాయి. ఇల్లిటు అని పిలిచినా ఆగలేదు. చేసేది లేక ఉత్త కాళ్ళతో వెనకాలే నడిచింది. ఏడేళ్ళుగా తొక్కని వీధిలోకి అవి తిరిగాక, ఎక్కడికి పోతున్నాయో అర్థమైంది. అయినా వెనక్కి తిరగలేదు.

చెప్పులు కొట్టెక్కి తమ్ముడి ముందు ఆగాయి. అతను వాటిని ఒళ్ళోకి తీసుకుని అడుగు తిప్పి చూశాడు. ఉప్పు చారలు, నాలుగు రంగుల మట్టి.

"పట్టీ మార్చాలి. కూర్చో అక్కా," అన్నాడు తలెత్తకుండా.

అక్క కూర్చుంది. వెనకాల శనివారం కోసం కట్టిన మూటలున్నాయి. తమ్ముడి జుట్టు నెరిసింది. ఏడేళ్ళలో వందసార్లు నిందించింది గానీ, అడగడం ఇదే మొదలు.

"ఫాదర్ గారిని ఆ సాయంత్రం ఎందుకు పిలవలేదురా?"

సూది ఆగింది. "అమ్మే వద్దంది. పెద్దది రాకుండా నాకు నూనె వద్దురా, అది పక్కనుంటేనే పెట్టించుకుంటానంది. నువ్వు పొద్దుటి బస్సుకి వచ్చావు."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"చెబితే నిన్ను నువ్వు తిట్టుకుంటావు. నన్ను తిట్టడం నీకు చిన్నప్పట్నుంచీ అలవాటే కదా."

అక్కకి ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. దీవెన లేకుండా అమ్మ పోయిందని ఏడేళ్ళు కుమిలింది. అమ్మ తన కోసమే ఎదురుచూసింది. ఇంత మాట ఒక్కడే మోసిన తమ్ముణ్ణి ఇచ్చినందుకు అక్కడే, ఆ తోలు ముక్కల మధ్యే, దేవుడికి దండం పెట్టుకుంది. ఈసారి పేరు ఆగలేదు.

తమ్ముడు పట్టీ బిగించి చెప్పులు కింద పెట్టాడు. అవి అక్క వైపు రాలేదు. మూటల సందులోంచి దూరి, లోపలి గుమ్మం దగ్గర తమ్ముడి చెప్పుల పక్కన నిలబడ్డాయి.

తమ్ముడు వాటినే చూస్తూ, "టీ ఇద్దామంటే స్టవ్వు కూడా మూట కట్టేశాం," అన్నాడు.

"అయితే విప్పు," అంది అక్క.

తమ్ముడు లేచి మొదటి మూట ముడి విప్పాడు. స్టవ్వు అందులో లేదు. రెండోది విప్పాడు.